మీ ఫుట్‌బాల్ క్లబ్ గురించి మీడియా తప్పుగా రాసినప్పుడు ఫిర్యాదు చేయడం ఎలా

మన జట్టు 90 నిమిషాలూ చక్కగా ఆడి గెలిచినా, మరునాటి పత్రికలో పేజీ అంతా ఓడిపోయిన పెద్ద క్లబ్ మేనేజర్ కష్టాలతోనే నిండిపోతే ఏ అభిమానికైనా మనసు చివుక్కుమంటుంది. ఆ బాధ న్యాయమైనదే. అయితే ఆ కోపమంతా విలేకరిని తిట్టడానికే సరిపోతే, అచ్చయిన తప్పు అచ్చయినట్టే ఉండిపోతుంది. ఇంగ్లండ్ క్లబ్బులను అభిమానించేవారు అక్కడి మీడియాలో వచ్చిన తప్పును ఎలా గుర్తించాలో, దాన్ని ఎవరి ముందు, ఏ గడువులోపల, ఏ మాటల్లో పెట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొట్టమొదట కథనాన్ని చివరిదాకా చదవండి, అది ఎలా తయారై ఉంటుందో ఆలోచించండి. శీర్షికను సాధారణంగా విలేకరి పెట్టడు. డెస్క్‌లోని సబ్‌ఎడిటర్ పెడతాడు. కాబట్టి కథనం సవ్యంగా ఉండి శీర్షిక ఒక్కటే వక్రంగా ఉంటే, దాని కింద పేరున్న మనిషిని నిందించడం అన్యాయం. రాత్రి మ్యాచ్‌ల నివేదికలను చాలావరకు ఆట సాగుతుండగానే రాసి, ఆఖరి విజిల్ మోగేసరికి పంపాల్సి ఉంటుంది. 1999 మే 26న బార్సెలోనాలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో 90 నిమిషాలు ముగిసేసరికి బయెర్న్ మ్యూనిక్ 1–0తో ముందుంది. ఇంజురీ టైమ్‌లో షెరింగ్‌హామ్, సోల్‌షేర్ చెరొక గోల్ కొట్టడంతో కప్పు మాంచెస్టర్ యునైటెడ్‌కు దక్కింది. అటువంటి రాత్రి, ఓటమి గురించి సిద్ధం చేసుకున్న పేరాలను కొట్టేసి నిమిషాల్లో కొత్తవి రాయాలి. ఆ తొందరలో గోల్‌కు పాస్ ఇచ్చిన ఆటగాడి పేరు తారుమారైతే అది పొరపాటే తప్ప పగ కాదు.

మరొక సంగతి కూడా చాలామందికి తెలియదు. మ్యాచ్‌కు ముందు మేనేజర్ పత్రికలవారితో మాట్లాడిన మాటల్లో కొంత భాగాన్ని రాత్రి 10:30 దాకా ప్రచురించకూడదన్న ఒప్పందం అక్కడ మామూలే. అందువల్ల ఒకే మాట, ఒకే గంటలో, అన్ని పత్రికల్లోనూ కనిపిస్తుంది. అందరూ కూడబలుక్కుని మన క్లబ్ మీద పడ్డారని అనిపించేది చాలాసార్లు ఇలాంటప్పుడే.

ఆ తర్వాత కథనంలోని వాక్యాలను విడదీసి చూడాలి. ఫిర్యాదు నిలబడేదీ వీగిపోయేదీ ఇక్కడే తేలుతుంది కనుక దీనికి తగినంత సమయం ఇవ్వండి. బ్రిటన్‌లో చాలా పత్రికలు ఇప్సో అనే స్వతంత్ర పత్రికా ప్రమాణాల సంస్థ పరిధిలో ఉన్నాయి. 2014లో ఏర్పడిన ఆ సంస్థ అమలుచేసే సంపాదకుల నియమావళిలో మొదటి నిబంధనే కచ్చితత్వానికి సంబంధించినది. పత్రికకు తన అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ, ఒక పక్షం వహించే స్వేచ్ఛ ఉన్నాయని, అయితే వ్యాఖ్యనూ, ఊహనూ, వాస్తవాన్నీ స్పష్టంగా వేరుచేసి చూపాలని ఆ నిబంధన చెబుతుంది. ‘ఈ జట్టు డిఫెన్స్ చూడలేకున్నాం’ అన్నది వ్యాఖ్య. అది మనకు ఎంత చేదుగా ఉన్నా ఎవరూ దాన్ని సవరించరు, సవరించమని అడగడమూ సరికాదు. ‘ఈ జట్టు రెండు నెలలుగా సొంత మైదానంలో గెలవలేదు’ అన్నది వాస్తవంగా చెప్పిన మాట. అది అబద్ధమైతే సవరణ కోరే హక్కు మీకుంది. కథనంలో ఆధారం లేని శీర్షిక కూడా ఈ నిబంధన కిందికే వస్తుందన్నది అభిమానులు తప్పక గుర్తుంచుకోవాలి. లోపల మేనేజర్ ‘వచ్చే సీజన్ గురించి ఇంకా ఆలోచించలేదు’ అన్నంత మాత్రాన పైన ‘క్లబ్ వదిలిపోతున్న మేనేజర్’ అని వేయకూడదు.

ఆటగాళ్ల బదిలీ వార్తలు వ్యాఖ్యకూ వాస్తవానికీ మధ్య ఉంటాయి. ‘ఆసక్తి చూపుతున్నట్టు తెలిసింది’ అన్న మాట వెనుక చాలాసార్లు ఆ ఆటగాడి ఏజెంటే ఉంటాడు. కొత్త క్లబ్ పేరు బయటికి వస్తే పాత క్లబ్‌తో జీతం పెంచుకోవడం అతనికి సులువవుతుంది. ఇటువంటి వార్త నిజం కాలేదని ఫిర్యాదు చేయకండి. అది ఎవరికి మేలు చేస్తుందో చూసుకుని చదివితే చాలు.

మన క్లబ్‌కు తక్కువ చోటు ఇచ్చారన్న బాధ వేరు. ఆ రోజు మ్యాచ్‌ల ముఖ్యాంశాలు చూపే బీబీసీ కార్యక్రమం మ్యాచ్ ఆఫ్ ద డేలో మన ఆటను అన్నిటికన్నా చివర చూపారనో, మన మ్యాచ్‌లను ప్రత్యక్ష ప్రసారానికి ఎంచుకోవడం లేదనో వచ్చే ఫిర్యాదు ఏ నియంత్రణ సంస్థ ముందూ నిలవదు, ఎందుకంటే వరుస నిర్ణయించడం ఎడిటర్ హక్కు. అయినా ఆ మాట అనదలుచుకుంటే ముందు లెక్క పెట్టండి. ఒక సీజన్ పాటు మన మ్యాచ్‌కు ఎన్ని నిమిషాలు ఇచ్చారో, అదే రోజు ఆడిన మిగతా జట్లకు ఎన్ని ఇచ్చారో ఒక పుస్తకంలో రాసుకోండి. నేనలా రాసుకున్నప్పుడు నేననుకున్నంత చిన్నచూపు కనబడలేదు, కానీ మా జట్టు గెలిచిన రోజుల్లో కూడా చర్చంతా ఎదుటి జట్టు తప్పుల మీదే సాగిందని మాత్రం స్పష్టంగా తేలింది. ఆ వివరాలతో రాసిన ఉత్తరానికి బరువుంటుంది.

వాస్తవం విషయంలో ఎందుకింత పట్టుదల అని అడిగేవారికి హిల్స్‌బరోను గుర్తుచేస్తాను. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని ఆ మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ సమయంలో జరిగిన తొక్కిడిలో గాయపడి మొత్తం 97 మంది ప్రాణాలు కోల్పోయారు. నాలుగు రోజులకు ద సన్ పత్రిక, అభిమానులు మృతుల జేబులు కొట్టేశారని, పోలీసుల మీద దాడి చేశారని మొదటి పేజీలో నిజమన్నట్టు అచ్చువేసింది. ఆ మాటలు అబద్ధమని 2012లో స్వతంత్ర పరిశీలక బృందం పత్రాలతో సహా చూపింది. ఆ దుర్ఘటనలో అభిమానుల తప్పేమీ లేదని 2016లో జ్యూరీ తేల్చింది. లివర్‌పూల్ ఉన్న మెర్సీసైడ్ ప్రాంతంలో చాలామంది ఆ పత్రికను కొనడం మానేశారు, మృతుల కుటుంబాలు 27 ఏళ్లు పట్టువదలకుండా పోరాడాయి. బహిష్కరణ అన్న మాటను ఇంతటి అన్యాయానికి దాచుకోవాలి. ఆటగాడికి తక్కువ మార్కులు వేసినందుకు వాడకూడదు.

ఇక ఫిర్యాదు రాసే పద్ధతి. కథనం మారిపోయే అవకాశం ఉంది కనుక ముందుగా దాని ప్రతిని తేదీ, సమయంతో భద్రపరచుకోండి. ఒక ఉత్తరంలో ఒకటి రెండు తప్పులకు మించి ఎత్తకండి. ఉత్తరం ఈ తీరున ఉంటే చాలు: ‘ఫలానా తేదీ కథనం మూడో పేరాలో ఈ జట్టు రెండు నెలలుగా సొంత మైదానంలో గెలవలేదని ఉంది. ఆ వ్యవధిలో జట్టు అక్కడ రెండు మ్యాచ్‌లు గెలిచింది. లీగ్ ప్రచురించిన ఫలితాలను జతచేశాను. దయచేసి వాక్యాన్ని సరిచేసి, సరిచేసిన సంగతిని పాఠకులకు తెలపండి.’ మీరు ఎన్నేళ్లుగా అభిమానిగా ఉన్నారో, ఆ విలేకరి ఏ జట్టు మనిషని మీ అనుమానమో అందులో వద్దు.

పత్రిక మీద ఇప్సోకు ఫిర్యాదు ప్రచురణ తేదీ నుంచి 4 నెలల లోపల చేరాలి. కథనం ఇంకా వెబ్‌సైట్‌లో ఉంటే 12 నెలల దాకా తీసుకునే వీలుంది. ఇప్సో ముందుగా పత్రికకే పరిష్కరించే అవకాశం ఇస్తుంది, 28 రోజుల్లో పరిష్కారం కాకపోతే తానే విచారణ చేపట్టగలదు. తప్పు ఒక ఆటగాడికో క్లబ్‌కో నేరుగా సంబంధించినదైతే వారి అభిప్రాయాన్ని కూడా పరిగణిస్తారు కనుక, క్లబ్ మీడియా విభాగానికి కూడా ఒక మాట రాయడం మంచిది. గార్డియన్, ఫైనాన్షియల్ టైమ్స్ ఇప్సో పరిధిలో లేవు. వాటికి సొంత ఫిర్యాదు వ్యవస్థలున్నాయి. బీబీసీ కార్యక్రమమైతే ప్రసారమైన 30 పని దినాల లోపల ముందు బీబీసీకే రాయాలి, అక్కడ అన్ని దశలూ పూర్తయ్యాకే ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు వెళ్లాలి. మిగతా చానళ్ల మీద ఆఫ్‌కామ్‌కు నేరుగా, 20 పని దినాల లోపల రాయవచ్చు. అయితే ఆఫ్‌కామ్ నిష్పాక్షికత నియమాలు వార్తలకూ రాజకీయ వివాదాలకూ ఉద్దేశించినవి. పెనాల్టీ ఇవ్వాల్సింది కాదన్న విశ్లేషకుడి మాట వాటి కిందికి రాదు.

విలేకరులను మైదానంలోకి రానివ్వొద్దని క్లబ్‌ను ఒత్తిడి చేయకండి. మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా ఉన్న సర్ అలెక్స్ ఫెర్గూసన్ 2004 నుంచి 2011 దాకా బీబీసీతో మాట్లాడలేదు. ఆ ఏళ్లన్నీ మ్యాచ్ ఆఫ్ ద డేలో ఆయన మాట వినే అవకాశం పోయింది అభిమానులకే.

సవరణ వచ్చాక అది తగినంత కనబడేచోట ఉందో లేదో చూడండి, ఎందుకంటే నియమావళి దాన్ని కూడా కోరుతుంది. ఆ తర్వాత అదే తప్పు వాక్యాన్ని ఎత్తిరాసిన మిగతా సంస్థలను వెతికి, సవరణ ప్రతిని జతచేసి ఒక్కొక్కరికీ విడిగా రాయండి.