ఫైర్ ఆఫీసర్ సారు ఊరేగింపుకు ముందు చూసుకోవాల్సినవి

ఏళ్ల తరబడి మన ఇళ్లు, పత్తి, మిర్చి బూడిద కాకుండా కాపాడిన ఫైర్ ఆఫీసర్ సారు రిటైర్ అవుతున్నారు. హనుమకొండ చౌరస్తా నుంచి ఊరేగిద్దామని యూత్ తమ్ముళ్లు పట్టుబట్టారు. చేయాల్సిందే, ఘనంగా చేయాల్సిందే. కానీ మన సంబురం వల్ల ఎక్కడికో పోవాల్సిన ఫైరింజన్ ఆగిపోతే సారుకు అంతకన్నా బాధ ఉండదు. అందుకే రోడ్డుకు ఒక పక్క మొత్తం ఖాళీగా వదలండి.

అసలు భయం గజమాలతోనే. క్రేన్‌కు వేలాడదీసి పైకి లేపేటప్పుడు అందరి కళ్లూ పూల మీదే ఉంటాయి, పైన 11 కేవీ తీగను ఎవరూ చూడరు. తగలకపోయినా, దగ్గరికి పోతే చాలు, కరెంటు దూకుతుంది. తీగలు లేని చోటే దండ వేయండి. ఒకవేళ తగిలితే డ్రైవర్ సీట్లోంచి కదలొద్దు, బండిని ఎవరూ ముట్టొద్దు, జనాన్ని దూరం పంపి కరెంటు వాళ్ల నంబర్ 1912కు ఫోన్ చేయండి. మెరుపు కాగితాల బ్లాస్టులు తీగల కింద వద్దే వద్దు. డీజే బండి ఎత్తు ముందు రోజే కొలిచి, ఆ దారిలో ఒకసారి నడిచి చూడండి.

పటాకుల లడీ షామియానా దగ్గర, పత్తి గోదాముల దగ్గర కాల్చొద్దు. పత్తి బేలు పైన మంట ఆరినా లోపల గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుందని ఏనుమాముల మార్కెట్ హమాలీలను అడిగితే చెబుతారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు అందులో మందుగుండుతో పాటు పత్తి బేళ్లూ ఉన్నాయి. మంటలార్పడానికి పోయిన 66 మంది ఫైర్ సిబ్బంది ప్రాణాలు పోయాయి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల గుర్తుగానే.

ఫైరింజన్‌కు పూలు కట్టినా పైపుల అరలు మూయొద్దు. దాని పైకి ఎవరినీ ఎక్కనివ్వకండి, ట్యాంకులో నీళ్లు సగమే ఉంటే మలుపులో అటూ ఇటూ ఊగి బండి ఒరుగుతుంది. సరదాకు సైరన్ మోగిస్తే నిజంగా మోగిన రోజు జనం పక్కకు జరగరు. డ్యూటీలో ఉన్న బండిని ఊరేగింపుకు అసలే అడగొద్దు.

ఎండ తగ్గాకే బయలుదేరండి, తాగే నీళ్లు వెంట ఉంచండి. ఎవరికైనా కాలితే 20 నిమిషాలు మామూలు నీళ్లు ధారగా పోయండి. పేస్టు, ఇంకు పూయొద్దు.

మధ్యలో 101కు కాల్ వచ్చిందని తెలిస్తే డీజే వెంటనే బంద్ చేసి, విజిల్ ఊది, దారి ఇవ్వండి. ఆ పని ఎవరిదో ఇద్దరి పేర్లు ముందే రాసిపెట్టుకోండి.