మూలపడిన వాల్వు రేడియో: లక్షణాన్ని బట్టి మరమ్మతు

విజయనగరంలో పాత సామాన్ల కొట్టుకు చేరే రేడియోలలో చాలావరకు ఏళ్ల తరబడి అటకమీద పడి ఉన్నవే. కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారు ఇంటికి తెచ్చిన వెంటనే పలుకుతుందో లేదో చూద్దామని ప్లగ్గు పెడతారు. నేను చూసినంతలో, అన్నేళ్లు బతికిన సెట్టు ఆ ఒక్క నిమిషంలోనే పాడవుతుంది.

ప్లగ్గు పెట్టకముందు

వెనుక అట్ట తీసి వాల్వుల మీది, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాల మీది, అక్షరాలు చదవాలి. ‘ఈసీహెచ్ 81’, ‘ఈఎల్ 84’ వంటివి ‘ఈ’తో మొదలైతే వాటి ఫిలమెంట్లు 6.3 వోల్టులవి, అలాంటి సెట్లలో సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ‘యూసీహెచ్ 81’, ‘యూవై 85’ వంటివి ఉంటే ఫిలమెంట్లన్నీ వరుసగా కలిసి నేరుగా మెయిన్స్ మీద నడుస్తాయి కనుక, ప్లగ్గు తిరగబడితే షాసీ (భాగాలన్నీ బిగించిన లోహపు చట్రం) మీదనే 230 వోల్టులు ఉండవచ్చు. ఈ రెండో రకాన్ని, కొంత అనుభవం వచ్చేదాకా, పక్కన పెట్టడమే మంచిది.

వయసు తెలుసుకోవడానికి డయల్ చూడండి. విజయవాడ కేంద్రం 1948లో, విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలయ్యాయి కనుక, విశాఖపట్నం పేరు అచ్చయిన డయల్ దాదాపు ఆ కాలందో, ఆ తరువాతిదో అయి ఉంటుంది. ఆ రోజుల్లో రేడియోకు పోస్టాఫీసు ఇచ్చిన, స్టాంపులు అంటించిన లైసెన్సు పుస్తకం కూడా దొరికితే, సెట్టు కన్నా ముందు దాన్ని భద్రపరచండి.

తొలిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో, అంటే రేడియోకు వెళ్లే కరెంటు ముందు దాని గుండా పోయేలా, పెట్టాలి; ఎల్ఈడీ బల్బు పనికిరాదు. బల్బు మొదట వెలిగి క్రమంగా మందగిస్తే సరే. పూర్తి వెలుగుతో అలాగే నిలిచిపోతే లోపల షార్టు ఉన్నట్లే, వెంటనే ఆపాలి.

లక్షణం: వాల్యూమ్ తగ్గించినా గుయ్‌మనే రొద

కారణం దాదాపు ఎప్పుడూ ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సరే, అంటే షాసీ మీద నిలబడి ఉండే అల్యూమినియం డబ్బా. డబ్బాను అందం కోసం ఉంచి, దాని తీగలు విప్పేసి, షాసీ అడుగున 450 వోల్టుల కొత్త కండెన్సర్లను కలపాలి. పాత విలువ 32 ఉంటే 33 గానీ 47 గానీ మైక్రోఫారడ్ చాలు. ఎక్కువైతే రొద ఇంకా తగ్గుతుందని 100 వేస్తే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు తట్టుకోలేదు, ఆ రకానికి చెందిన ఈజెడ్ 80కి పరిమితి 50 మాత్రమే. ప్లగ్గు తీసినా ఈ కండెన్సర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి మిగిలి ఉంటుంది కనుక, 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరుతో దాన్ని దించి, మల్టీమీటర్‌తో సున్నా చూశాకే చేయి పెట్టాలి.

లక్షణం: పది నిమిషాలకు గొంతు బొంగురుపోవడం

స్పీకరును నడిపే అవుట్‌పుట్ వాల్వు (ఈఎల్ 84 వంటిది) విపరీతంగా వేడెక్కి, చీకట్లో చూస్తే లోపలి ప్లేటు ఎర్రగా కనిపిస్తుంది. దోషం సాధారణంగా వాల్వుది కాదు, దాని గ్రిడ్‌కు, అంటే సిగ్నల్ అందుకునే పిన్నుకు, వచ్చే మైనపు కాగితం కండెన్సరుది. కళింగపట్నం, బారువ వంటి తీరపు ఊళ్ల నుంచి వచ్చిన సెట్లలో ఇది నాకు మరీ తరచుగా ఎదురైంది: మైనం పగిలిన చోట చెమ్మ చేరి, ఆపవలసిన డీసీ కరెంటును అది కొద్దికొద్దిగా వదులుతుంది. ఈఎల్ 84లో రెండో పిన్ను మీద, షాసీకి పోల్చి, కొలిస్తే దాదాపు సున్నా రావాలి. అయిదారు వోల్టుల పాజిటివ్ వస్తే ఆపేసి, అదే విలువగల 630 వోల్టుల పాలియెస్టర్ కండెన్సరు వేయండి. దీన్ని సరిచేయకుండా కొత్త వాల్వు పెడితే అదీ పోతుంది.

లక్షణం: నాబు తిప్పితే బరబర, బ్యాండు మార్చితే నిశ్శబ్దం

వాల్యూమ్ కంట్రోల్‌లోనూ, బ్యాండ్ స్విచ్చు రేకుల మీదనూ చిలుము పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇరవైసార్లు అటూఇటూ తిప్పాలి. గరుకు కాగితంతో రుద్దితే రేకుల పూత పోతుంది.

లక్షణం: స్టేషన్లు సన్నగా వినిపించడం

చుట్టుపక్కల ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు ఆపి చూడండి. మీడియం వేవ్‌కు వాటి రొదే పెద్ద శత్రువు. తరువాత కరెంటు తీగలకు దూరంగా పది మీటర్ల ఏరియల్ తీగ కట్టండి. విశాఖపట్నం కేంద్రపు 927 కిలోహెర్ట్జ్, మీటర్లలో గుర్తులున్న డయల్ మీద 324 దగ్గర ఉంటుంది. ముల్లు అక్కడ కాస్త పక్కకు నిలిచిందని ఐఎఫ్ ట్రాన్స్‌ఫార్మర్ల (లోపల ముందే ట్యూన్ చేసి ఉంచిన కాయిల్ డబ్బాల) మరలు మాత్రం తిప్పవద్దు. సిగ్నల్ జనరేటర్ లేకుండా వాటిని మళ్లీ కుదర్చడం చాలా కష్టం.

లక్షణం: మసకబారిన డయల్

ఇక్కడ లోపం కన్నా బాగుచేసేవాడి చేతితోనే ప్రమాదం. నా మొదటి మర్ఫీ రేడియో డయల్ గాజును తీసి, మెరవాలని రెండువైపులా స్పిరిట్‌తో తుడిచాను. గుడ్డ మీద ముందు పసుపు, ఆ తరువాత ఎరుపు. గాజు ఎత్తి చూస్తే ఢిల్లీ, కలకత్తా, మద్రాసు గుడ్డకు అంటుకుని, కొలంబో ఒక్కటే మిగిలింది. అక్షరాలు వెనుకవైపు రంగుతో అచ్చువేసి ఉంటాయి. ముందువైపు తడిగుడ్డతో తుడవండి. వెనుకవైపు మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపడం వరకే.