బీమా క్లెయిము మీరే నడుపుకోండి – 4వ పాఠం: తిరస్కరణ లేఖను చదవడం

గత పాఠంలో మీ పాలసీ కాగితాల్లోంచి ప్రతిపాదన పత్రం (బీమా కోరుతూ మీరు నింపి ఇచ్చిన దరఖాస్తు), పాలసీ షెడ్యూలు, షరతుల పుస్తకం మూడింటినీ వేరు చేసి పెట్టుకోమన్నాను. ప్రతిపాదన పత్రం దొరకనివాళ్ళు నకలు కోసం కంపెనీకి ఈమెయిలు పెట్టే ఉంటారు. అది ఇంకా రాకపోయినా ఈ పాఠం చదవవచ్చు. కానీ కంపెనీకి జవాబు రాసే రోజుకు మాత్రం అది మీ చేతిలో ఉండాలి.

క్లెయిము చెల్లించబోమని లేఖ రాగానే కొందరు ఏజెంటుకు ఫోను చేసి నిలదీస్తారు. కొందరు మన ఖర్మ ఇంతే అనుకుని కాగితాలు బీరువాలో పడేస్తారు. ఎలాగైనా నెలలు గడిచిపోతాయి. నేను చెప్పేది ఒకటే. ఆ లేఖను దాచుకోండి, నిదానంగా చదవండి, ఎందుకంటే మీ చేతికి అందిన కాగితాల్లో మీకు ఎక్కువగా పనికొచ్చేది అదే. లేఖలో రాసిన కారణానికి కంపెనీ కట్టుబడి ఉండాలి. రేపు వినియోగదారుల కమిషన్ ముందు నిలబడి, లేఖలో లేని కొత్త కారణం పట్టుకుని వాదించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి కారణం ఏమిటో కచ్చితంగా పట్టుకుంటే పోరాటం ఎంతవరకో తేలిపోతుంది.

అభ్యాసం కోసం నేను తయారుచేసిన ఒక లేఖను చూద్దాం. అసలు లేఖలు ఇంగ్లీషులో వస్తాయి కానీ సారం ఇలాగే ఉంటుంది.

“మీ క్లెయిమును పరిశీలించాము. ఆసుపత్రి కేసుషీటు ప్రకారం రోగికి ఐదేళ్ళుగా మధుమేహం ఉన్నట్టు గమనించాము. ప్రతిపాదన పత్రంలో ఈ విషయం వెల్లడించలేదు. కాబట్టి పాలసీ షరతుల మేరకు మీ క్లెయిమును చెల్లించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.”

రోగి 56 ఏళ్ళ గృహిణి అనుకుందాం. పాలసీ 2022 జూన్‌లో మొదలైంది, ఒక్క ఏడాది కూడా తప్పకుండా పునరుద్ధరించారు. 2025 సెప్టెంబరులో డెంగీతో ఆసుపత్రిలో చేరారు.

లేఖ చదివిన ఇంటివాళ్ళ నోట వచ్చే మొదటి మాట, “డెంగీకీ షుగరుకూ సంబంధం ఏమిటి?” న్యాయమైన ప్రశ్నే. కానీ జవాబును దానితో మొదలుపెట్టవద్దు. కంపెనీ ఇక్కడ షుగరు వల్ల డెంగీ వచ్చిందనడం లేదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మేము పాలసీ ఇచ్చేవాళ్ళమే కాదు, లేదా వేరే షరతులతో ఇచ్చేవాళ్ళం అంటోంది. బీమా ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని ప్రభావితం చేయగల ఏ సంగతైనా ముఖ్యమైనదేనని 2009లో సుప్రీంకోర్టు అంది. 2015లో అదే కోర్టు ఒక జీవిత బీమా కేసులో నడుము నొప్పి సంగతి చెప్పకుండా గుండెజబ్బుతో మరణించిన వ్యక్తి కుటుంబానికి డబ్బు ఇవ్వాలనీ చెప్పింది. అంటే సంబంధం లేదన్న వాదనకు బలం ఉంది. అయితే దాన్ని రెండో వరుసలో ఉంచాలి. ముందు వరుసలో తేదీలూ ఆధారాలూ ఉండాలి.

తేదీలు చూద్దాం. ఒక తెల్లకాగితం మీద గీత గీసి పాలసీ మొదలైన నెల, ఆసుపత్రిలో చేరిన నెల గుర్తుపెట్టండి. మన ఉదాహరణలో మధ్యలో 39 నెలలు వస్తాయి. ఆరోగ్య బీమాలో రెండు గడువులను ఎప్పుడూ కలిపేయకూడదు. ఒకటి, ముందునుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే ఆ జబ్బులకు కంపెనీ డబ్బు చెల్లించని మొదటి నెలలు. 2024 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని 36 నెలలకు మించకూడదంది. రెండోది, ఇంకా గట్టిది, 60 నెలల గడువు. ఎడతెగకుండా 60 నెలలు పాలసీ నడిస్తే, సంగతి చెప్పలేదనో తప్పుగా చెప్పారనో కారణం చూపి కంపెనీ క్లెయిమును కాదనలేదు. ఒక్క మోసాన్ని నిరూపిస్తే తప్ప. ఇంతకుముందు ఈ గడువు ఎనిమిదేళ్ళు ఉండేది, 2024లో అయిదేళ్ళకు తగ్గించారు. మధ్యలో కంపెనీ మారినా, పోర్టబిలిటీ పద్ధతిలో (పాత పాలసీ లాభాలు పోకుండా) మారి ఉంటే పాత కంపెనీలో గడిచిన నెలలు కూడా లెక్కలోకి వస్తాయి.

మన గృహిణికి 60 నెలలు నిండలేదు. కాబట్టి సంగతి ఎందుకు చెప్పలేదని అడిగే హక్కు కంపెనీకి ఇంకా ఉంది. ఇక లేఖలోని కారణం నిరీక్షణ కాలం కాదు, సంగతి చెప్పలేదన్నది. చాలామంది ఇక్కడే పొరబడి ‘మా నిరీక్షణ కాలం అయిపోయింది’ అని రెండు పేజీలు రాస్తారు. కంపెనీ వేయని ప్రశ్నకు జవాబు అది.

జీవిత బీమాలో లెక్క వేరు. 1938 బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం మూడేళ్ళు నిండాక ఏ కారణం మీదా పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు, మోసం పేరు చెప్పి కూడా. 2015 సవరణతో వచ్చిన రక్షణ ఇది. ఆగిపోయిన పాలసీని పునరుద్ధరించి ఉంటే మూడేళ్ళూ ఆ తేదీ నుంచి మళ్ళీ మొదలవుతాయి. ప్రీమియం గడువు దాటనివ్వకండి అని మొదటి పాఠంలో అంతగా చెప్పింది ఇందుకే.

ఇప్పుడు ఆధారం దగ్గరికి వద్దాం. ‘ఐదేళ్ళుగా మధుమేహం’ అన్న మాట కంపెనీకి ఎక్కడ దొరికింది? కేసుషీటులో. కేసుషీటులోకి ఎలా వచ్చింది? రాత్రివేళ జ్వరంతో ఒళ్ళు తెలియని మనిషిని అత్యవసర విభాగానికి తీసుకువెళ్తారు. డ్యూటీ డాక్టరు పక్కనున్నవాళ్ళను అడుగుతాడు: “షుగరు ఉందా? ఎన్నాళ్ళనుంచి?” కంగారులో ఉన్న అల్లుడు “ఉందండీ, నాలుగైదేళ్ళు అయి ఉంటుంది” అంటాడు. డాక్టరు ‘కె.సి.ఓ. డీ.ఎం., 5 సం.’ అని గీకుతాడు, అంటే మధుమేహం ఉన్నట్టు తెలిసిన రోగి అని. ఆ గీత మర్నాడు డిశ్చార్జ్ సమ్మరీలోకి ఎక్కుతుంది. అక్కడినుంచి కంపెనీ లేఖలోకి. అల్లుడి ఊహ మూడు కాగితాలు దాటేసరికి రుజువుగా నిలబడుతుంది.

దాచారని నిరూపించే భారం కంపెనీది. పాలసీకి ముందు రోగి ఫలానా డాక్టరు దగ్గర ఫలానా మందు వాడారని చూపే చీటీ, పరీక్ష నివేదిక, ఆసుపత్రి రికార్డు ఏదైనా దాని దగ్గర ఉందా? పక్కనున్నవాళ్ళు చెప్పగా రాసుకున్న పాత చరిత్ర ఒక్కటే సరిపోదని వినియోగదారుల కమిషన్లు చాలా తీర్పుల్లో అన్నాయి. కొన్నిసార్లు కంపెనీ, రోగి ఆసుపత్రిలో చేరిన రోజు చేసిన హెచ్‌బీఏ1సీ పరీక్షను చూపిస్తుంది. ఆ పరీక్ష సుమారు గత మూడు నెలల చక్కెర సగటును మాత్రమే చెబుతుంది. అయిదేళ్ళ చరిత్ర దానిలోంచి రాదు.

షుగరు ఒంట్లో ఉండటం వేరు, ఉన్నట్టు బయటపడటం వేరు అన్నది కూడా గుర్తుంచుకోండి. ప్రస్తుత నిర్వచనం ప్రకారం పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లోపు డాక్టరు నిర్ధారించిన జబ్బు, లేదా డాక్టరు చికిత్స సూచించిన లేదా చేసిన జబ్బు మాత్రమే ముందునుంచి ఉన్న జబ్బు. తెలియని దాన్ని ఎవరూ దాచలేరు. అందుకని షుగరు మొదటిసారి బయటపడిన ల్యాబు నివేదిక, మొదటి మందుల చీటీ ఎక్కడున్నా వెతికి తీయండి. ఆసుపత్రి రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది. మామూలుగా చూసే డాక్టరుకు నిజం తెలిస్తే, ఎప్పటినుంచి చికిత్స చేస్తున్నారో ఒక లేఖ రాసివ్వమనండి.

నిజం తెలిస్తే అన్నది నొక్కి చెబుతున్నాను. పాత చీటీ మీద తేదీ దిద్దడం, లేని చీటీ పుట్టించడం ఎంత చిన్న పనిగా కనిపించినా చేయవద్దు. చెప్పడం మరచిపోయిన సంగతిని మోసంగా మార్చేది అదే. మోసం రుజువైతే 60 నెలల రక్షణ కూడా పోతుంది.

తరవాత ప్రతిపాదన పత్రం తీయండి. అందులో అడిగిన ప్రశ్న ఏమిటో అక్షరం అక్షరం చదవండి. ‘గత నాలుగేళ్ళలో చికిత్స పొందారా’ అని అడిగితే, పదేళ్ళ కిందటి సంగతి చెప్పకపోవడం దాచడం కాదు. జవాబు గడి ఖాళీగా ఉండి, కంపెనీ అలాగే పాలసీ ఇచ్చి ఉంటే అది మీకు అనుకూలం. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు నిర్ణయించిన ఒక కేసు తెలుగువాళ్ళకు బాగా పనికొస్తుంది, పిల్లలను చూడడానికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు మనలో ఎందరో. ఒక ప్రయాణికుడు విదేశీ ప్రయాణ బీమా తీసుకుంటూ తనకు షుగరుందని చెప్పాడు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలోనే గుండెపోటు వచ్చింది. కొలెస్ట్రాల్ మందు వాడుతున్న సంగతి చెప్పలేదని కంపెనీ చెల్లించలేదు. షుగరు ఉందని తెలిసీ, పరీక్షలు చూసీ పాలసీ ఇచ్చిన కంపెనీ తరవాత ఆ మాట అనడానికి వీల్లేదని కోర్టు డబ్బు ఇప్పించింది.

పత్రమంతా ఏజెంటు నింపాడు, మేము సంతకం మాత్రమే పెట్టాం అంటారు చాలామంది. నిజమే కావచ్చు. అయినా సంతకం మీదైతే ఆ వాదన ఒక్కటే నిలవదు. 2019లో సుప్రీంకోర్టు ఒక జీవిత బీమా కేసులో దాన్ని ఒప్పుకోలేదు. పత్రం ఇంగ్లీషులో ఉండి సంతకం తెలుగులో ఉంటే, ప్రశ్నలను తెలుగులో చదివి వినిపించామన్న ధ్రువీకరణ అందులో ఉందా అని మాత్రం తప్పక చూడండి. లేకపోతే జవాబులో ఆ మాట రాయండి.

మిగతా రకాల లేఖలను త్వరగా ముగిస్తాను. ఆలస్యంగా తెలియజేశారన్న కారణం వాహనాల దొంగతనాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, కంపెనీకి చెప్పడంలో జరిగిన ఆలస్యాన్ని మాత్రమే పట్టుకుని కాదనకూడదని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. పోలీసు ఫిర్యాదే ఆలస్యమైతే పని కష్టం.

కోత పెట్టి కొంత చెల్లించే లేఖ మాత్రం లెక్క కట్టి చూడవలసిందే. గది అద్దె పరిమితి రోజుకు 5,000 అయి, మీరు 8,000 గదిలో ఉంటే డాక్టరు ఫీజులు, ఆపరేషను థియేటరు ఖర్చుల్లాంటి వాటిని 8లో 5 వంతులకు తగ్గిస్తారు. కానీ మందులు, ఒకసారి వాడి పారేసే సామగ్రి, ఒంట్లో అమర్చే పరికరాలు, పరీక్షల మీద ఈ కోత పెట్టకూడదు. డాక్టర్లూ థియేటరూ కలిపి 1,20,000, మందులు 60,000 అనుకోండి. మొత్తం 1,80,000 మీద కోసేస్తే 1,12,500 వస్తుంది. సరిగ్గా కోస్తే 75,000కు మందుల 60,000 కలిపి 1,35,000 రావాలి. తేడా 22,500. బిల్లులో ఏ వరుస మీద కోత పడిందో చూపమని అడగకుండా ఇంత డబ్బు వదిలేసుకోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇప్పుడు జవాబు. మన ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

“మీ ఫలానా తేదీ లేఖ అందింది. దానిలో మీరు ఆధారపడిన పాలసీ షరతు సంఖ్య లేదు. దయచేసి తెలపండి. పాలసీ తేదీకి ముందు మా అమ్మగారు మధుమేహానికి చికిత్స పొందారనడానికి మీ దగ్గరున్న ఆధారాల నకళ్ళు పంపండి. కేసుషీటులోని వాక్యం పక్కనున్నవారు అంచనాగా చెప్పినది. మధుమేహం మొదట నిర్ధారణ అయిన తేదీని చూపే ల్యాబు నివేదిక, డాక్టరు లేఖ జతచేశాము. తిరస్కరణను మీ క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదించి ఉంటే ఆ నిర్ణయం తేదీ తెలపండి. క్లెయిమును పునఃపరిశీలించి చెల్లించగలరు.”

ఎక్కడా కోపం లేదు, వేడుకోలూ లేదు. షరతు సంఖ్య ఎందుకు అడిగామంటే, తిరస్కరించినా కోత పెట్టినా ఏ షరతు ప్రకారమో చూపాలని ఐఆర్‌డీఏఐ 2024 ఉత్తర్వు చెబుతోంది. కమిటీ అనుమతి లేకుండా క్లెయిమును తిరస్కరించకూడదన్నదీ అందులోనిదే. ఈ జవాబును కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిలులో పంపి, అదే ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో వేసి రసీదు దాచండి. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైటు బీమా భరోసా పోర్టల్లోగానీ, 155255 నంబరుకు ఫోను చేసిగానీ ఫిర్యాదు నమోదు చేయించి ఆ సంఖ్యను లేఖ మీద రాసిపెట్టుకోండి.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులను విచారించి తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాంలకు కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, 50 లక్షల రూపాయల దాకా ఇప్పించగలరు. మీ ఫిర్యాదును కంపెనీ కాదన్న ఏడాదిలోపు, జవాబే రాకపోతే ఆ నెల గడిచిన ఏడాదిలోపు వెళ్ళాలి. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ళ గడువు. ముందే కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ ఆ ఫిర్యాదు తీసుకోరు, కాబట్టి వరుస ముఖ్యం. అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పత్రం నింపడం, విచారణ రోజు ఏం మాట్లాడాలన్నది 5వ పాఠం.

దానికి ముందు ఈ లెక్క చేసి రండి. ఒకాయన 2020 జనవరిలో 3 లక్షల పాలసీ తీసుకున్నారు. 2023 జనవరిలో దాన్ని 5 లక్షలకు పెంచుకున్నారు. పునరుద్ధరణ ఎప్పుడూ తప్పలేదు. 2026 మార్చిలో గుండె ఆపరేషనుకు 4,60,000 ఖర్చయింది. 2018 నుంచే గుండెజబ్బు ఉందని, చెప్పలేదని కంపెనీ పూర్తిగా తిరస్కరించింది. 60 నెలల గడువు మొదటి మొత్తానికీ, పెంచిన మొత్తానికీ విడివిడిగా నడుస్తుందని గుర్తుపెట్టుకుని, కంపెనీ ఆ మాట ఎన్ని లక్షల మీద అనగలదో, ఎన్ని లక్షల మీద అనలేదో రాయండి. జవాబు లేఖలో మొదటి వాక్యం ఏమిటో కూడా రాసి పెట్టుకోండి.