నల్లగొండ, పాలమూరు గ్రౌండ్లలో బేస్‌బాల్ కోచింగ్ మొదలుపెట్టేవాళ్లకు

ముందు డైమండ్, అంటే హోమ్ ప్లేట్, మూడు బేస్‌లు మూలలుగా ఉండే చతురస్రం, సరిగ్గా గీయండి. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి ఎదురు మూలనున్న సెకండ్ బేస్‌కు 38.8 మీటర్లు. ఆ రెండు చోట్ల నుంచీ 27.43 మీటర్ల తాళ్లు లాగితే, కలిసే చోట్లే ఫస్ట్, థర్డ్ బేస్‌లు. ఇవి పెద్దల కొలతలు.

మన పిల్లలంతా క్రికెట్ నుంచే వస్తారు. కొట్టాక బ్యాటుతోనే పరుగెత్తుతారు. బ్యాటు వదిలి, ఫస్ట్ బేస్ తొక్కి, ఆగకుండా నేరుగా దూసుకెళ్లడం రోజూ చేయించండి.

అన్నిటికన్నా జాగ్రత్త పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) మోచేయి. అలసిన చేత్తో విసిరితే దెబ్బతినేది అదే. 13-14 ఏళ్ల పిల్లలకు అమెరికా బేస్‌బాల్ సంస్థల పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల పరిమితి రోజుకు 95 బంతులు. 66 వేసినా నాలుగు రోజులు విశ్రాంతే. ప్రతి బంతికీ నోటుబుక్కులో గీత పెట్టండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు. నొప్పి అంటే లెక్కతో పనిలేదు, వెంటనే ఆపించండి.

ఎండాకాలం ప్రాక్టీసు పొద్దున 6కే మొదలుపెట్టి 8:30కల్లా ముగించండి.