గ్రాఫులో అక్షరాలు: ముందు కొలత, తర్వాతే ఫాంట్

ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద మీద పరిశోధన పేపర్ రాసే మా పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: గ్రాఫును అచ్చులో పడే వెడల్పులోనే గీయండి. జర్నల్లో ఒక కాలమ్ అంటే సుమారు 9 సెంటీమీటర్లు. రెట్టింపు సైజులో గీసి కుదిస్తే 12 పాయింట్ల అక్షరం 6 అయిపోతుంది.

ఏరియల్ గానీ హెల్వెటికా గానీ చాలు, అన్ని బొమ్మల్లోనూ ఒకటే ఉండాలి. అక్షాల పేర్లు 8 పాయింట్లు, అంకెలు 7.

తెలుగు పేర్లు పెడితే నోటో సాన్స్ తెలుగు తీసుకుని, సైజు ఇంకాస్త పెంచండి. ‘ధవళేశ్వరం’లో శ కింద ఉన్న వ వత్తు చూడండి, చిన్న సైజులో అది ముద్దయిపోతుంది. వత్తు పోతే ఊరి పేరే పోయినట్టు.

గ్రాఫులు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో పీడీఎఫ్ ఫాంట్ టైప్ (అంటే ఫాంటును పీడీఎఫ్‌లో పొదిగే పద్ధతి) 42 పెట్టండి. టైప్ 3 ఉంటే కొన్ని జర్నళ్లు తిప్పి పంపుతాయి. పంపేముందు అసలు సైజులో ప్రింట్ తీసి చదవండి.