లోడు బరువు సర్దడం – 3వ పాఠం: టాండెమ్‌లు జరపడం

ట్రక్కు ఏ యాక్సిల్స్ మీద ఎంత బరువుందో చూపే స్కేల్ టికెట్ (తూకం చీటీ) చదవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి టికెట్ మీద ఈ అంకెలు వచ్చాయనుకోండి: స్టీర్ (ముందు యాక్సిల్) 11,800, డ్రైవ్స్ (క్యాబిన్ ఉన్న ట్రాక్టర్ వెనక జంట యాక్సిల్స్) 35,200, ట్రెయిలర్ (దాని వెనక జంట యాక్సిల్స్, అంటే టాండెమ్‌లు) 31,400 పౌండ్లు. మొత్తం 78,400. అమెరికా ఫెడరల్ పరిమితి 80,000 కాబట్టి మొత్తం బరువుతో ఇబ్బంది లేదు. కానీ జంట యాక్సిల్స్‌కి పరిమితి 34,000. డ్రైవ్స్ మీద 1,200 ఎక్కువుంది. అంటే లోడు దించక్కర్లేదు, సర్దితే చాలు.

టాండెమ్‌లు ఎటు జరపాలి? చాలామంది తికమకపడేది ఇక్కడే. ఇద్దరు మనుషులు కర్రకి మూట కట్టి మోస్తుంటే, మూటకి దగ్గరగా జరిగినవాడి భుజం మీదే ఎక్కువ భారం పడుతుంది. ఇదీ అంతే. టాండెమ్‌లు క్యాబిన్ వైపు జరిపితే అవి లోడుకి దగ్గరవుతాయి, డ్రైవ్స్ మీది బరువు కొంత వాటి మీదికి వస్తుంది. వెనక్కి జరిపితే డ్రైవ్స్ మీద పెరుగుతుంది.

టాండెమ్‌లని పట్టి ఉంచే పిన్నులు ట్రెయిలర్ కింది పట్టీల రంధ్రాల్లో కూర్చుంటాయి. ఆ రంధ్రాల మధ్య దూరం 6 అంగుళాలైతే ఒక్కో రంధ్రానికి సుమారు 400 పౌండ్లు, 4 అంగుళాలైతే 250 దాకా మారుతుంది. ఇది అంచనా మాత్రమే, లోడుని బట్టి తేడా వస్తుంది. మన లెక్కలో మూడు రంధ్రాలు జరిపితే డ్రైవ్స్ సరిగ్గా 34,000కి వస్తాయి. అంత అంచు మీద వెళ్లడం నాకు ఇష్టం ఉండదు. నాలుగు జరపండి: డ్రైవ్స్ 33,600, ట్రెయిలర్ 33,000.

ఇక పని. చదునైన చోట బండి తిన్నగా ఆపండి. ట్రెయిలర్ బ్రేకులు వేసి ఉంచి, దిగి పిన్నుల హ్యాండిల్ లాగండి. పిన్నులన్నీ లోపలికి వచ్చాయో లేదో వంగి కళ్లతో చూడండి. తుప్పు పట్టి ఒక్కటి ఇరుక్కున్నా కదలదు. అప్పుడు ట్రాక్టర్ బ్రేకులు మాత్రమే వదిలి, మెల్లగా రివర్స్ చేయండి. చక్రాలు కదలవు, వాటి మీద ట్రెయిలర్ వెనక్కి జారుతుంది. అంటే టాండెమ్‌లు ముందుకొచ్చినట్టే. ఎక్కడ ఆగాలో ముందే సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే పదిసార్లు దిగి చూసే పని తప్పుతుంది.

హ్యాండిల్ తిరిగి లోపలికి నెట్టాక, ట్రెయిలర్ బ్రేకులు అలాగే ఉంచి బండిని కాస్త ముందుకీ వెనక్కీ లాగి చూడండి. ఆ తర్వాత దిగి, నాలుగు పిన్నులూ రంధ్రాల్లోంచి బయటికి పొడుచుకు వచ్చాయో లేదో చూడండి. ఈ ఒక్కటీ దయచేసి ఎప్పుడూ వదలొద్దు. పిన్ను కూర్చోకుండా గట్టిగా బ్రేకు వేస్తే టాండెమ్‌లు జారిపోతాయి, ప్రాణాల మీదికొస్తుంది.

మళ్లీ తూకం వేయించాకే రోడ్డెక్కండి. కాలిఫోర్నియా వెళ్లే లోడైతే ఇంకో సంగతి: కింగ్‌పిన్ (ట్రెయిలర్‌ని ట్రాక్టర్‌కి తగిలించే పిన్ను) నుంచి చివరి యాక్సిల్ మధ్యకి 40 అడుగులు దాటకూడదు, కాబట్టి అక్కడ టాండెమ్‌లు ఇష్టమొచ్చినంత వెనక్కి జరపలేం.

అభ్యాసం: స్టీర్ 11,700, డ్రైవ్స్ 32,900, ట్రెయిలర్ 34,900. రంధ్రానికి 400 చొప్పున లెక్కేయండి. రెండు వెనక్కి జరిపితే ట్రెయిలర్ మీద ఇంకా 100 ఎక్కువే ఉంటుంది, మూడు జరిపితే డ్రైవ్స్ మీద 100 ఎక్కువవుతుంది. ఆ 100ని స్టీర్ మీదికి ఎలా పంపాలో 4వ పాఠంలో ఫిఫ్త్ వీల్ (ట్రాక్టర్ మీద కింగ్‌పిన్‌ని పట్టుకునే ప్లేటు) దగ్గర చూద్దాం.