కాలేయ మార్పిడి తర్వాత తల్లి కావాలంటే ఏం చేయాలి?

లివర్ జబ్బు ముదిరాక చాలామందికి నెలసరి ఆగిపోతుంది. కొత్త లివర్ కుదురుకున్నాక కొద్ది నెలల్లోనే, ఒక్కోసారి నెల తిరిగేసరికే అండం విడుదల మళ్లీ మొదలవుతుంది. ‘ఇక మనకు పిల్లలెక్కడ’ అని ఊరుకున్నవాళ్లు అనుకోకుండా నెల తప్పేది అందుకే. డిశ్చార్జ్ రోజునే ఈ మాట అడగాలి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

1. ముందు గర్భం రాకుండా చూసుకోండి. కాపర్ టి, ఇంప్లాంట్ (చేతి చర్మం కింద పెట్టే గర్భనిరోధక సాధనం) చాలామందికి సరిపోతాయి. గర్భనిరోధక మాత్రలు మాత్రం డాక్టర్‌ను అడగకుండా వాడొద్దు.

2. కనీసం ఏడాది ఆగండి. ఈలోగా రిజెక్షన్ (శరీరం కొత్త లివర్‌ను తిరస్కరించడం) రాకూడదు. లివర్, కిడ్నీ పరీక్షలు బాగుండాలి, బీపీ, షుగర్ అదుపులో ఉండాలి.

3. మందుల చీటీ పట్టుకుని లివర్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అసలు పని ఇదే. రిజెక్షన్ రాకుండా ఇమ్యూనిటీని అణచే మందుల్లో ఒకటైన మైకోఫెనోలేట్ చీటీలో ఉంటే గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం 6 వారాల ముందే మాన్పిస్తారు. దానివల్ల గర్భస్రావం కావచ్చు, బిడ్డకు చెవులు సరిగా ఏర్పడకపోవచ్చు, గ్రహణం మొర్రి రావచ్చు. బదులుగా చాలామందికి అజాథయోప్రిన్ ఇస్తారు. కొత్త మందుతో లివర్ నిలకడగా ఉందని తేలాకే ముందుకు వెళ్లాలి. ఇలాంటిదే మరో మందు టాక్రోలిమస్ సాధారణంగా కొనసాగుతుంది. మార్పిడి జరిగింది భర్తకైనా, ఆయన మందుల గురించీ అడగండి.

ప్లాన్ చేయకుండానే నెల తప్పితే? టెన్షన్‌తో మాత్రలన్నీ మానేయకండి, రిజెక్షన్ వస్తే తల్లికీ బిడ్డకూ ముప్పే. అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి.

4. గర్భంలో టాక్రోలిమస్ లెవెల్ మారుతూ ఉంటుంది కాబట్టి రక్తపరీక్షలు తరచుగా చేయించాలి. రక్తం ఇచ్చాకే ఉదయం మాత్ర వేసుకోవాలి. ఇంట్లో వేసుకుని బయల్దేరితే రిపోర్టు తప్పుగా వస్తుంది, మాత్రను బ్యాగులో పెట్టుకుని వెళ్లండి. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతి అయితే సొంతంగా ఇంకోటి వేసుకోకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఈ గర్భాల్లో బీపీ పెరగడం, షుగర్ రావడం, నెలలు నిండకుండా కాన్పు కావడం ఎక్కువ. తలనొప్పి, కళ్లు మసకబారడం, ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడటం కనిపిస్తే తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు. ‘ఇమ్యూనిటీకి మంచిది’ అని చుట్టాలు తెచ్చే తిప్పతీగ కషాయానికి దణ్ణం పెట్టేయండి. మనం మందులతో అణచి ఉంచుతున్నది ఆ ఇమ్యూనిటీనే. పైగా తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ఉన్నాయి.

5. కాన్పుకు ట్రాన్స్‌ప్లాంట్ టీమ్, గైనకాలజిస్ట్, పిల్లల డాక్టర్ ఒకరికొకరు అందుబాటులో ఉండే ఆసుపత్రిని ఎంచుకోండి. మార్పిడి జరిగినంత మాత్రాన సిజేరియన్ తప్పనిసరి కాదు.

6. టాక్రోలిమస్, అజాథయోప్రిన్ వాడుతున్న తల్లులు సాధారణంగా పాలివ్వొచ్చు. మైకోఫెనోలేట్ మళ్లీ మొదలుపెడితే మాత్రం పాలివ్వకూడదు. మన దగ్గర బిడ్డ పుట్టగానే బీసీజీ వేసేస్తారు. అది వేయకముందే మీరు వాడిన మందుల పేర్లు పిల్లల డాక్టర్‌కు చెప్పండి.